మామయ్య పెట్టెలో మధ్యాహ్నం కునుకు

లెస్టర్ క్విగ్లీ ఆ రోజు పొద్దున్నే నీలం టై కట్టుకుని ఫలహారానికి కూర్చున్నాడు. దయ్యం వేషాలు వేసే మనిషికి టై అవసరం సాధారణంగా రాదు. బెల్వెదర్ పిక్చర్స్ వారి సినిమాల్లో అతను కొన్నేళ్లుగా సమాధుల్లోంచి లేస్తూ, బురదలోంచి పాకుతూ, ఆడపిల్లల కిటికీల దగ్గర తచ్చాడుతూ కాలం గడుపుతున్నాడు. సినిమాలకు మాటలొచ్చినప్పుడు హాలీవుడ్‌లో ప్రతివాడికీ ఏదో ఒక మాట దొరికింది. లెస్టర్‌కు మాత్రం మూలుగు దొరికింది. అయితే ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు, నిర్మాత హోల్కమ్ అతని గొంతు వింటానని ఒప్పుకున్నాడు. కొత్త సినిమాలో పల్లెటూరి డాక్టరు వేషం ఒకటి ఖాళీగా ఉంది. మొదటి రీలు నుంచి చివరి దాకా మాటలే.

"టై మీద గుడ్డు సొన పడకుండా తిను," అంది అతని భార్య ఎడ్నా, కాఫీ పోస్తూ. "రాత్రి ఒక్క క్షణమైనా పడుకున్నావా? ఆ డాక్టరు మాటలన్నీ గోడకి చెప్తూనే ఉన్నావు. ఆ గోడకి ఈపాటికి రోగం కుదిరుండాలి."

"మధ్యాహ్నం దాకా పెద్ద పనేం లేదులే. శవపేటికలోంచి లేవడం, అంతే. లేచి కూర్చుంటే సీను అయిపోతుంది. ముఖం కడుక్కుని, టై సర్దుకుని, సరిగ్గా మూడింటికి ఆయన గదిలో ఉంటాను."

"మొహం బాగా కడుక్కో. పోయినసారి చెవిలో పచ్చరంగు అలాగే ఉంచుకుని చర్చికొచ్చావు."

లెస్టర్ నవ్వి, టోపీ పెట్టుకుని ట్రామెక్కాడు.

స్టూడియోలో మేకప్ మనిషి ఫాల్కో సిద్ధంగా ఉన్నాడు. ఫాల్కో తండ్రి నేపుల్స్‌లో గోడలకు గచ్చు చేసేవాడు. కొడుకు అదే పనిని మనుషుల ముఖాల మీద చేస్తున్నాడు. దూది, జిగురు, బూడిదా ఆకుపచ్చా కలిసిన రంగు, ఆ పైన గద్దముక్కు. ఇదంతా అయ్యేదాకా ముఖంలో ఒక్క నరం కదలకూడదు. కదిలితే ఫాల్కో ఇటాలియన్‌లో తిట్టేవాడు. ఆ తిట్లు తప్పించుకోవడానికి లెస్టర్ ఒక విద్య నేర్చుకున్నాడు: ముఖం మీద ఎవరు ఏం పూసినా, ఏం దువ్వినా, రెప్ప కూడా ఆడించకుండా హాయిగా నిద్రపోవడం.

"ఈ ముక్కు మూడింటికల్లా ఊడుతుందా, ఫాల్కో?"

"ఊడుతుంది. తొందరపెట్టావంటే నీ సొంత ముక్కు కూడా దాంతోపాటే వస్తుంది."

సీను అనుకున్నదానికంటే ముందే అయిపోయింది. శవపేటిక మూత మెల్లగా లేచింది, చేతులు బయటికొచ్చాయి, ఆ తరవాత లెస్టర్ లేచాడు, హీరోయిన్ కెవ్వుమంది. డైరెక్టరు బాగుందన్నాడు. కానీ మేకప్ తీసేయబోతుంటే ఆపాడు. "ఉండు, ఉండు. భోజనాలయ్యాక దగ్గరగా ఒక్క షాట్ తీయాల్సి రావచ్చు. అలాగే ఉండు." అని అందరితోపాటు భోజనానికి పోయాడు. ఆ దూదీ జిగురుతో లెస్టర్ తినగలిగింది ఏమీ లేదు. గొట్టం వేసుకుని కాసింత సూపు పీల్చాడు. కూర్చుందామంటే కుర్చీలు లేవు. ఉన్న ఒక్క మెత్తని చోటు శవపేటికే. లోపల దళసరి పరుపు, తెల్లటి పట్టు. గాలి ఆడడానికి వడ్రంగి తలవైపు చెక్కడం పనిలో కనపడకుండా చిల్లులు కూడా పెట్టాడు. లెస్టర్ ఎక్కి పడుకున్నాడు. నెత్తిమీద లైటొకటి ఎవరూ ఆర్పకుండా వెళ్లిపోవడంతో కళ్లలో పొడుస్తోంది. మూత దించుకున్నాడు. చల్లగా, చీకటిగా ఉంది. రాత్రంతా గోడకు వైద్యం చేసిన అలసట ఒక్కసారిగా మీద పడింది.

ఆ శవపేటికకు మరో ప్రయాణం రాసిపెట్టి ఉందని అతనికి తెలియదు.

నిర్మాత ఆగస్టస్ హోల్కమ్ భార్య పేరు కార్నీలియా. ఆమెను చిన్నప్పటినుంచి పెంచిన మేనమామ ఎబెన్ విట్‌లాక్ పాసడీనాలో పోయాడు. "మామయ్యకి ఊళ్లో దొరికే అన్నింటికంటే మంచి పెట్టె కావాలి. ఓక్ చెక్కది. వెండి పిడులుండాలి," అని ఆమె మొగుడికి చెప్పింది. "అన్నీ నేను చూసుకుంటా, నువ్వు కన్నీళ్లు తుడుచుకో," అన్నాడు హోల్కమ్. ఆయన చూసుకున్నది ఏమిటంటే, స్టూడియోలో దయ్యం సినిమా కోసం కొన్న పెట్టె అసలైన ఓక్‌దే. పిడులు కూడా దూరంనుంచి వెండివే. పొద్దుటి సీను అయిపోయాక దాంతో పనేముంది? "భోజనాల వేళకి దాన్ని పెటిగ్రూ అంత్యక్రియల మందిరానికి చేరవేయండి. ఎవరికీ చెప్పకండి," అని సామాను మోసే గస్‌కూ మిల్ట్‌కూ పురమాయించాడు. స్టూడియోలో హోల్కమ్ అంటే అందరికీ హడల్. హోల్కమ్‌కు కార్నీలియా అంటే హడల్.

గస్, మిల్ట్ వచ్చేసరికి సెట్టు మీద ఎవరూ లేరు. చెరోవైపూ పట్టుకుని లేపారు.

"ఇదేంట్రా, ఇంత బరువుంది!" అన్నాడు మిల్ట్.

"అసలైన ఓక్ అని సారు చెప్పాడుగా."

"ఓక్ ఇంత బరువుంటే చెట్లు ఎలా నిలబడుతున్నాయిరా?"

"చెట్టుకి వేళ్లుంటాయి. నీకు లేవు. గట్టిగా పట్టుకో."

లారీ సన్‌సెట్ బులెవార్డ్ మీద నిదానంగా సాగింది. ఆ ఊపుకు లెస్టర్ నిద్ర ఇంకా ముదిరింది.

పెటిగ్రూ శవాలకు ముస్తాబు చేసి సాగనంపే వృత్తిలో పేరున్న మనిషి. ఆయన సాగనంపిన వాళ్లు బతికున్నప్పటికంటే అందంగా ఉండేవారని ఊళ్లో చెప్పుకునేవారు. సహాయకుడు వెండెల్‌కు యాభై దాటాయి, చెప్పిన పని ఒకటి చేసి రెండోది మరిచిపోవడం అతని అలవాటు. విట్‌లాక్ గారి ముస్తాబు కూడా అతనికే వదిలేసిన పెటిగ్రూ, పెట్టె రాగానే పూల మధ్య పెట్టించి ఆయన్ని అందులో పడుకోబెట్టమని చెప్పి, ఆ ముఖం ఒకసారైనా చూడకుండానే భోజనానికి వెళ్లాడు. పెట్టె వచ్చింది. వెండెల్ దాన్ని పూల మధ్య పెట్టించి, రెండో సంగతి మరిచిపోయి, కుండీలకు నీళ్లు పోయడానికి వెళ్లాడు. పెటిగ్రూ తిరిగొచ్చి పెట్టెను ఓ చేత్తో కదిపి చూశాడు. బరువుగా ఉంది. సరే, పని అయిందనుకుని పై సగం మూత తెరిచాడు.

లోపలి ముఖాన్ని వంగి చూశాడు. బూడిద రంగు చర్మం, పచ్చటి కళ్లగుంటలు, గద్దముక్కు. తన ముప్పై ఏళ్ల వృత్తిలో ఇంత ఘోరమైన పనితనం ఆయన చూడలేదు.

"వెండెల్, వెండెల్!" అని గొణుక్కున్నాడు. "పోయినవాడు నిన్ను ఏం చేశాడయ్యా!"

బంధువులు వచ్చే వేళయింది. వెండెల్‌ను తిట్టే తీరిక కూడా లేదు. పెటిగ్రూ కోటు విప్పి, పొడరు డబ్బా తెచ్చుకున్నాడు. బుగ్గలకు గులాబీ రంగు, పెదవులకు ఎరుపు, కనుబొమలకు దువ్వెన. తల నూనెతో దువ్వి చక్కగా పాపిడి తీశాడు. లెస్టర్‌కు నిద్రలోనే మెత్తటి బ్రష్షు తగిలింది. దగ్గరి షాటు కోసం ఫాల్కో మెరుగులు దిద్దుతున్నాడు కాబోలనుకుని రెప్ప ఆడించలేదు. ఈ రోజు తిట్లు లేవేమిటా అని మాత్రం అతనికి లీలగా అనిపించింది. పెటిగ్రూ రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. ముక్కు విషయంలో ఏమీ చేయలేకపోయాడు. మిగతాదంతా సజీవంగా ఉంది.

బంధువులు వచ్చారు. ఎబెన్ మామయ్య కోపధారి మనిషి కావడంతో వచ్చినవాళ్లు ఓ గుప్పెడు మందే. వాళ్లలోనూ చాలామంది బతికున్న ఎబెన్‌ను దూరంగా ఉంచిన అలవాటుకొద్దీ వెనక వరసల్లోనే కూర్చున్నారు. పెట్టె దాకా మొదట వచ్చింది ఆయన అక్క, ప్రూడెన్స్ పెద్దమ్మ. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకున్నా గోడకీ గుమ్మానికీ తేడా తెలియనంత చూపు.

"చూడు కార్నీలియా, ఎబెన్ ఎంత కళగా ఉన్నాడో! పోయాకే ఒళ్లు చేశాడు."

కార్నీలియా వంగి చూసింది. మామయ్యను చూసి ఆమెకు పదేళ్లయింది. హోల్కమ్‌ను చేసుకుంటానన్నప్పుడు ఆ పెద్దమనిషి వద్దన్నాడు. మాటామాటా పెరిగింది. ఆ రోజు పాసడీనా ఇంటి గడప దిగిన ఆమె మళ్లీ ఎక్కలేదు. మొగుడు తీసే దయ్యాల సినిమాలు ఆమె ఒక్కటీ చూసి ఎరగదు.

"ఎంత మారిపోయాడు పెద్దమ్మా," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఈ ముక్కు... ఇలా ఉండేది కాదు."

"ముసలితనంలో ముక్కులు పెరుగుతాయమ్మా. నాది చూడలేదూ?"

అప్పుడు హోల్కమ్ టోపీ చేత్తో పట్టుకుని గంభీరంగా పెట్టె దగ్గరికొచ్చాడు. చూడగానే పై ప్రాణాలు పైనే పోయాయి. బుగ్గలకు గులాబీ రంగు పూసినా ఆ ముఖాన్ని ఆయన పోల్చుకోకుండా ఎలా ఉంటాడు? పోస్టర్ల మీద దాన్ని అచ్చేయించింది ఆయనే. నోరు తెరవబోయాడు. పక్కన కార్నీలియా ఉంది. ఇది మామయ్య కాదని చెబితే మరి ఎవరంటుంది. నటుడంటే పెట్టెలోకి ఎలా వచ్చాడంటుంది. పెట్టె సినిమా సెట్టుదని చెప్పాలి. తెరిచిన నోరు మూసుకున్నాడు. నుదుటి మీద ముద్దు పెట్టుకుంటున్నట్టు వంగి చెవిలో గుసగుసలాడాడు.

"క్విగ్లీ! కదిలావో, ఉద్యోగం ఊడినట్టే!"

లెస్టర్‌కు ఆ మాటతో మెలకువ వచ్చింది. కళ్లు మాత్రం తెరవలేదు. అది ఆ వృత్తి నేర్పిన జాగ్రత్త. పక్కన ఆర్గన్ మోగుతోంది. లిల్లీపూల వాసన గుప్పుమంటోంది. ఓహో, దగ్గరి షాట్ మొదలైంది, డైరెక్టరు అంత్యక్రియల సీనొకటి కొత్తగా కలిపాడు, నిర్మాతే స్వయంగా వచ్చి నిలబడ్డాడు అనుకున్నాడు. పూలు కూడా నిజమైనవే తెప్పించారు. హోల్కమ్ సారు మారిపోయాడే అని ఆశ్చర్యపోయాడు. మూడింటికి గొంతు వినబోయే మనిషి కళ్లముందే శవంగా పడుకునే అవకాశం. ఇంత నిశ్చలంగా ఎవడూ చచ్చిపోలేదనిపించాలని శ్వాస కూడా కడుపులోకే పీల్చుకున్నాడు.

ఆర్గన్ ఆగింది. కార్నీలియా పెట్టె అంచు పట్టుకుని నిలబడింది.

"మామయ్యా," అంది. "ఆ రోజు నేను అనకూడని మాటలన్నాను. నువ్వు నా తండ్రివి కావు, నాకు చెప్పడానికి నువ్వెవరివి అన్నాను. నాకు జ్వరమొస్తే రాత్రిళ్లు మేలుకుని కూర్చున్నది నువ్వు. ప్రతి క్రిస్మస్‌కీ వద్దామనుకున్నాను. నువ్వే ముందు పిలవాలని పంతం పట్టాను. నువ్వు కూడా అదే పంతం పట్టి ఉంటావు, మనిద్దరిదీ ఒకే రక్తం. ఇప్పుడు ఎవర్ని అడగను? నన్ను క్షమించానని ఒక్కసారి... ఒక్కసారి నీ నోటితో అని ఉంటే..."

గది నిశ్శబ్దమైపోయింది.

లెస్టర్ గుండె కరిగిపోయింది. ఎవరీ కొత్త నటి? ఇంత నిజంగా ఏడ్చే మనిషి బెల్వెదర్‌లో ఎన్నడూ లేదు. ఆమె కన్నీటి బొట్లు అతని ముక్కు మీద పడుతున్నాయి. జిగురు మెత్తబడుతున్న సంగతి తెలుస్తూనే ఉంది. నిశ్శబ్దం సాగింది. ఇంకా సాగింది. సినిమాల్లోకి రాకముందు అతను ఊరూరా తిరిగే నాటకాల కంపెనీలో పనిచేశాడు. అలాంటి నిశ్శబ్దానికి అర్థమేమిటో అతనికి బాగా తెలుసు. ఎవరో మాట మరిచిపోయారు. ఆమె చెప్పాల్సింది చెప్పేసింది. అడిగింది కూడా. ఇక జవాబు చెప్పాల్సింది ఎవరు? పెట్టెలో ఉన్నది తనొక్కడే. తనకు మాట ఉందని ఎవరూ ముందుగా చెప్పలేదు. బహుశా ఇదే పరీక్షేమో! పాపం ఆ పిల్ల జవాబు కోసం అలా నిలబడే ఉంది.

"ఎప్పుడో క్షమించాను తల్లీ," అన్నాడు లెస్టర్. మెత్తగా, తేనెలా ఉంది ఆ గొంతు. "ఆ రోజే క్షమించాను. పిలవడమే చాతకాలేదు."

ఆ మందిరంలో తరవాత జరిగినదాని గురించి ఎవరు చెప్పినా తమవరకే చెప్పగలిగారు. ఇతరులను చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. పాస్టరు కిటికీలోంచి బయటికి పోయాడు. కిటికీ ఎత్తులో లేకపోవడం ఆయన అదృష్టం. వెనక వరసలు తలుపు వైపు ఒక్క ఊపున కదిలాయి. ఆర్గన్ వాయించే ఆవిడ స్పృహ తప్పి మీటల మీదే వాలిపోవడంతో వాయిద్యం ఒకే శ్రుతి పట్టుకుని ఆగకుండా మోగింది. పెటిగ్రూ గోడకు చేరగిలబడి మెల్లగా కిందికి జారాడు. తన పనితనం ఇంత సజీవంగా ఉంటుందని ఆయన కూడా అనుకోలేదు.

"ఎబెన్ అంతే," అంది ప్రూడెన్స్ పెద్దమ్మ, కదలకుండా. "చివరి మాట తనదే కావాలి."

కేకలు విని, సీను బాగా వచ్చిందనుకుని లెస్టర్ పొద్దున చేసినట్టే చేశాడు. ముందు చేతులు బయటికి వచ్చాయి, ఆ తరవాత అతను లేచి కూర్చున్నాడు. ముక్కు ఊడి ఒళ్లో పడింది. కళ్లు తెరిచి చూస్తే కెమెరా లేదు, లైట్లు లేవు. ఎదురుగా నల్లబట్టల్లో ఒక స్త్రీ, ఆమె వెనక ముఖంలో నెత్తురు చుక్క లేని హోల్కమ్ ఉన్నారు.

కార్నీలియా పారిపోలేదు. వంగి ఆ ముక్కు తీసుకుంది. నలిపి చూసింది. దూది.

"ఆగస్టస్," అంది మొగుడితో. గొంతు పెంచలేదు. హోల్కమ్‌కు అదే భయం.

"వీడు మన స్టూడియోలో నటుడు! తాగుబోతు వెధవ! దొంగసారా కొట్టి ఎక్కడ పడితే అక్కడ దొర్లుతాడు. చూడు, మామయ్య పెట్టెలోకే దూరాడు! రేపటినుంచి వీడు..."

"శవపేటికకి గాలి చిల్లులు ఎందుకున్నాయి ఆగస్టస్?" అంది కార్నీలియా, తలవైపు చెక్కడాన్ని వేలితో తడుముతూ.

హోల్కమ్ ఆ చిల్లుల వైపు చూశాడు. "అది... కొత్త పద్ధతిట."

"మామయ్యకి ఊపిరాడ్డానికా?"

అంతలో పక్కగది తలుపు తెరుచుకుని వెండెల్ తల బయటపెట్టాడు. "అయ్యా, విట్‌లాక్ గారిని ఎందులో పెట్టమంటారు? ఈ పెట్టెలో ఎవరో ఉన్నారు."

లెస్టర్‌కు అప్పటికి సంగతి పూర్తిగా అర్థమైంది. మెల్లగా పెట్టెలోంచి దిగాడు. కోటు మీది లిల్లీ రేకులు దులుపుకోవాలని కూడా తోచలేదు.

"అమ్మా, నేను తాగలేదు," అన్నాడు. "భోజనాల వేళ పడుకున్నాను. మీరు నటి అనుకున్నాను. ఇది నిజమని తెలిస్తే ఆ మాట అనేవాణ్ని కాదు. అది నేను అనాల్సిన మాట కాదు. నన్ను మన్నించండి."

"మరి ఎందుకన్నారు?"

"మీరు అలా అడిగితే... ఆ స్థానంలో ఉన్నవాడెవడైనా అదే అంటాడనిపించింది."

కార్నీలియా కుర్చీలో కూర్చుని, అప్పటిదాకా ఆపుకున్నదంతా కలిపి ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. పెద్దమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. ఆ ఏడుపులో మామయ్య ఉన్నాడు, పదేళ్ల క్రిస్మస్‌లున్నాయి. చివర్లో కొంచెం నవ్వు కూడా ఉంది.

కళ్లు తుడుచుకుని ఆమె మొగుడి వైపు తిరిగింది. హోల్కమ్ ఏమీ అడగకుండానే టోపీ పెట్టుకుని బయల్దేరాడు. గంట తిరక్కుండా ఊళ్లో అన్నింటికంటే మంచి పెట్టె వచ్చింది. చిల్లులు లేవు, పిడులు దగ్గరనుంచి చూసినా వెండివే. ఈలోగా తేరుకున్న పెటిగ్రూ లెస్టర్‌ను వెనక గదిలోకి తీసుకెళ్లి ముఖం శుభ్రం చేశాడు. జిగురు చర్మానికి నొప్పి తెలియకుండా వదిలింది. "మీకు ఓపిక ఎక్కువండీ," అన్నాడు పెటిగ్రూ మెచ్చుకోలుగా. "నా దగ్గరికొచ్చే వాళ్లంత నిశ్చలంగా ఉన్నారు."

పాస్టరు తిరిగి రాలేదు. ఆయన కబురు మాత్రం వచ్చింది, ఒంట్లో బాగాలేదని. కీర్తన చదివేవాళ్లు లేకపోయారు. కార్నీలియా వెనక వరసలో ముడుచుకుని కూర్చున్న లెస్టర్‌ను పిలిచింది. సొంత ముఖంతో, జేబులోంచి నీలం టై తీసి కట్టుకుని, అతను నిలబడి చదివాడు. తిరిగొచ్చిన ఆ కొద్దిమందీ ఈసారి ముందు వరసల్లో కూర్చుని విన్నారు. ఎబెన్ విట్‌లాక్ కోసం కంట తడి పెట్టుకోవడం వాళ్లకు అదే మొదలు.

మట్టి వేసి వస్తుండగా హోల్కమ్ అతని భుజం పట్టుకుని పక్కకు లాగాడు.

"క్విగ్లీ, నీ గొంతు నిజంగా అదేనా?"

"అదే సార్. మూడింటికి వినిపిద్దామనుకున్నాను. మీరే చెప్పారు రమ్మని."

"ఇన్నేళ్లుగా నువ్వు గర్జిస్తుంటే జనం వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నారు. ఇవాళ మెత్తగా రెండు ముక్కలన్నావు. దేవుణ్ని నమ్ముకున్నవాడు కిటికీలోంచి దూకాడు!" హోల్కమ్ కళ్లు మెరిశాయి. "నా ఒళ్లు ఇంకా జలదరిస్తూనే ఉంది, చూడు."

"అయితే ఆ డాక్టరు వేషం...?"

"నీదే. కాకపోతే కథ కాస్త మార్పిస్తాను. ఊళ్లో అందరికీ మంచివాడు, మెత్తగా మాట్లాడతాడు, మందిచ్చే ముందు తల నిమురుతాడు. ఆ మందు తాగినవాడు మర్నాడు లేవడు."

లెస్టర్ సరేనన్నాడు. మాటలైతే మొదటి రీలు నుంచి చివరి దాకా ఉన్నాయి.

ఆ సినిమా విడుదలైన వారం ఊళ్లో మందుల షాపులు వెలవెలబోయాయని చెప్పుకున్నారు. లెస్టర్‌కు పేరొచ్చింది, దారిన పోయేవాళ్లు ముఖం గుర్తుపట్టి టోపీ తీసేవాళ్లు, తీసి చటుక్కున అవతలి వీధిలోకి తప్పుకునేవాళ్లు. ఎడ్నా మొదటి ఆటే చూసింది, చాలా గర్వపడింది. ఆ రోజునుంచీ ఇంట్లో మాత్రం కాస్త గట్టిగా మాట్లాడమని అతనికి చెప్పింది.